ఎముకల డాక్టర్‌ని అడగండి: కోయించుకోవాలా, ఆగి చూడాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒక చోట పోసి చూస్తే ముప్పాతిక వంతు కాళ్ల గురించే, అందులోనూ దాదాపు అందరిదీ ఒకటే గోల, ఒక డాక్టరేమో ఆపరేషన్ అంటారు ఇంకో డాక్టరేమో అక్కర్లేదు అంటారు, ఎవర్ని నమ్మాలి అని. నన్ను కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఒక వైద్యం ఇంకో గుంపుకి ఇంకో వైద్యం చేసి, ఏడాదో రెండేళ్లో వదలకుండా గమనించిన ట్రయల్స్ ఉన్నాయి, వాటిల్లో ఏం తేలిందో చెప్తా, అది మీ కాలికి ఎంతవరకు వర్తిస్తుందో కూడా చెప్తా. ఉత్తరాలు కాస్త కుదించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడుతూ పక్కకి తిరగబోతే మోకాల్లో టప్పుమని సౌండ్ వచ్చింది, గంటలో బుంగలా వాచింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే పట్టీ, పూర్తిగా తెగిపోయింది అని రాశారు. మూడు వారాలైంది. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే మోకాలు పాడైపోద్ది అని ఒకరు, ఫిజియో చాలు అని ఒకరు. నాకు మళ్లీ ఆడాలని ఉంది.

జవాబు: తెగింది కాబట్టి కుట్టాలి అనేది బట్టల లెక్క, మోకాలు ఆ లెక్కన నడవదు. పైగా ఏసీఎల్‌ని మామూలుగా కుట్టరు కూడా, తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో ఒక టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు) ముక్క తీసి ఆ స్థానంలో బిగిస్తారు, అంటే ఒక చోట బాగుచెయ్యడానికి ఇంకో చోట అప్పు తేవడం అన్నమాట. ఆ అప్పు అసలు చెయ్యాలా, చేస్తే ఎప్పుడు చెయ్యాలి అన్నదే ప్రశ్న.

స్వీడన్‌లో మీలాగే కొత్తగా తెగినవాళ్లని, 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసువాళ్లని 121 మందిని తీసుకున్నారు. 62 మందికి తొందరగా ఆపరేషన్ చేసి ఆ తర్వాత ఫిజియో, మిగతా 59 మందికి ముందు ఫిజియో పెట్టి మోకాలు పట్టు తప్పుతుంటే అప్పుడు ఆపరేషన్. 2010లో బయటికొచ్చిన ఈ స్టడీని కానన్ ట్రయల్ అంటారు. నొప్పి ఎంత, ఆటలాడగలుగుతున్నారా, రోజువారీ పనులు ఎలా ఉన్నాయి అని అడిగి మార్కులేస్తే రెండేళ్లకి రెండు గుంపులకీ తేడా లేదు, ఐదేళ్లకి చూసినా లేదు. ఫిజియో గుంపులోంచి రెండేళ్లలో 23 మంది ఆపరేషన్‌కి వెళ్లారు, ఐదేళ్లకి ఆ సంఖ్య 30 అయింది. అంటే దాదాపు సగం మందికి చివరికి కత్తి పడింది, మిగతా సగం మంది దాని అవసరం లేకుండానే గడిపేశారు. ఇదే అంకెని ఆపరేషన్ చేసేవాళ్లు ఒకలా చెప్తారు, ఫిజియోలు ఇంకోలా చెప్తారు, మీరు రెండూ విన్నారు కాబట్టే కన్‌ఫ్యూజ్ అయ్యారు.

తర్వాత నెదర్లాండ్స్‌లో 167 మందితో ఇలాంటిదే చేస్తే తొందరగా ఆపరేషన్ అయినవాళ్లకి రెండేళ్లకి మార్కులు కొంచెం ఎక్కువొచ్చాయి, కానీ కొంచెమే, అక్కడ కూడా ఫిజియో గుంపులో సగం మంది ఆపరేషన్ దాకా వెళ్లకుండానే నెట్టుకొచ్చారు. బ్రిటన్ వాళ్లది మాత్రం కథ వేరు, 2022లో వచ్చింది, వాళ్లు కొత్తగా తెగినవాళ్లని కాకుండా తెగి చాలాకాలమై ఇప్పటికీ మోకాలు జారిపోతూ ఇబ్బంది పడుతున్న 316 మందిని తీసుకున్నారు, వాళ్లల్లో మాత్రం ఆపరేషన్ గుంపే మెరుగ్గా ఉంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవేం లేదు: కొత్తగా తెగితే మూడు నెలలు గట్టిగా ఫిజియో చేసి చూసే టైమ్ మీకుంది, ఆ తర్వాత కూడా తిరిగేటప్పుడు మోకాలు చటుక్కున జారిపోతుంటే ఇంకా లాగడంలో అర్థం లేదు. ఒక్క మెలిక ఉంది, ఎమ్మారైలో ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ (మోకాల్లో ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కూడా చిరిగి మధ్యలో ఇరుక్కుందనో, కుడితే అతుకుతుందనో రాసి ఉంటే ఆగకూడదు, ఆ రిపోర్టు మళ్లీ చదివించుకోండి. ఇంకోటి, కానన్ ట్రయల్‌లో ప్రొఫెషనల్ ప్లేయర్లు లేరు, కాబట్టి మీరు ఆడేది ఏ లెవెల్ అనేది ముందు మీ డాక్టర్‌కి చెప్పండి.

ఆస్ట్రేలియాలో మోకాలిని 90 డిగ్రీల్లో మడిచి నాలుగు వారాలు బ్రేస్‌లో లాక్ చేసి తర్వాత మెల్లగా వదుల్తూ వెళ్తే తెగిన ఏసీఎల్ దానంతట అదే అతుక్కుంటున్న గుర్తులు 80 మందిలో 90 శాతం మందికి ఎమ్మారైలో కనిపించాయి అని 2023లో రాశారు. ఆశ్చర్యంగానే ఉంది, నా చదువుకునే రోజుల్లో అసలు అతకదు అని చెప్పేవాళ్లు. కానీ పోల్చడానికి రెండో గుంపు లేదు అందులో, కాబట్టి నేనింకా ఎవరికీ మోకాలు మడిచి కట్టట్లేదు.

ఇక ఆపరేషన్ చేయించుకున్నా చేయించుకోకపోయినా గ్రౌండ్‌లోకి తొందరపడొద్దు. ఆపరేషన్ అయినవాళ్ల మీద 2016లో వచ్చిన ఒక స్టడీలో తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆగిన కొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. తొడ ముందు కండ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం వచ్చిందా లేదా మిషన్ మీద కొలిపించుకోండి, బానే ఉన్నట్టుంది అనే ఫీలింగ్ మీద వెళ్లకండి.

ప్రశ్న: మెట్లు దిగుతూ పాదం మడతపడింది. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. ఆస్పత్రిలో డాక్టర్ నొక్కి చూసి, నాలుగడుగులు నడిపించి, ఎక్స్‌రే అక్కర్లేదు బెణుకే అని పంపేశారు. ఎక్స్‌రే తియ్యకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? నిర్లక్ష్యం కాదా ఇది?

జవాబు: నిర్లక్ష్యం కాదు, ఆ డాక్టర్ బాగా చదువుకున్నవాళ్లు. ఆ నాలుగడుగుల వెనక పెద్ద పనే ఉంది. కెనడాలోని ఆటవాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టర్, ఆయన టీమ్, చీలమండ నొప్పితో వచ్చిన ప్రతివాళ్లకీ ఎక్స్‌రే తీస్తున్నాం కానీ విరిగింది చాలా కొద్దిమందికే కదా, ఎవరికి విరగలేదో చేత్తోనే చెప్పలేమా అని లెక్కలేసి 1992లో కొన్ని రూల్స్ పెట్టారు. చీలమండ రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచు, కింది నుంచి 6 సెంటీమీటర్ల మేర, చివరి మొనతో సహా, నొక్కితే ఎముక మీదే నొప్పి ఉందా, పాదం మధ్యలో నొప్పి అంటే బయటి అంచున ఉబ్బెత్తుగా తగిలే ఎముక మొదట్లో గానీ లోపలివైపు వంపు పైన ఉండే ఎముక మీద గానీ నొప్పి ఉందా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నాలుగడుగులు వెయ్యగలిగారా. కుంటుతూ వేసినా వేసినట్టే. ఇవన్నీ బాగుంటే పట్టించుకోవాల్సిన ఫ్రాక్చర్ ఉండే ఛాన్స్ చాలా చాలా తక్కువ, తర్వాత ఎన్నో దేశాల్లో పరీక్షించి చూసినా ఈ రూల్స్ నిలబడ్డాయి, ఎక్స్‌రేలు మూడో వంతు దాకా తగ్గాయి. వాపు ఎంతుంది అన్నది ఆ రూల్స్‌లో లేనే లేదు చూడండి, బెణుక్కే ఒక్కోసారి విరిగినదానికంటే ఎక్కువ వాస్తుంది.

కాకపోతే కాళ్లకి స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లకీ, మత్తులో ఉన్నవాళ్లకీ, మరీ చిన్నపిల్లలకీ ఇవి నమ్మి వదిలెయ్యకూడదు, నొప్పి తెలిస్తేనే కదా నొక్కి చూడ్డం. వారం పదిరోజులైనా అడుగు వెయ్యలేకపోతే మీరు కూడా మళ్లీ చూపించుకోండి.

ఐస్ గురించి అడగలేదు గానీ చెప్తా. రెస్ట్, ఐస్, గట్టి కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల ఫార్ములా 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ రాసింది, తర్వాత ఆయనే ఐస్, పూర్తి రెస్ట్ రెండూ మానడాన్ని లేటు చేస్తాయేమో అని మాట మార్చుకున్నారు. నొప్పికి కాసేపు ఐస్ పెట్టుకోండి తప్పులేదు, కానీ మంచమెక్కి కూర్చోవద్దు. చీలమండకి బ్రేస్ వేసుకుని నొప్పి ఓర్చుకోగలిగినంత నడవడం, తర్వాత ఒంటికాలి మీద నిలబడి బ్యాలెన్స్ ప్రాక్టీస్, ఈ రెండోది అందరూ మానేస్తారు, అందుకే అదే చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుద్ది.

ప్రశ్న: బైక్ మీద నుంచి పడి మోకాలి కింద పెద్ద ఎముక విరిగితే లోపల రాడ్డు వేశారు. నాలుగు నెలలైంది, ఎక్స్‌రేలో ఇంకా గీత కనిపిస్తోంది. అతకలేదు, మళ్లీ ఆపరేషన్ చెయ్యాలేమో అంటున్నారు. రోజూ 20 నిమిషాలు పెట్టుకునే అల్ట్రాసౌండ్ మిషన్ ఒకటి ఉందట, అది కొంటే ఆపరేషన్ తప్పుద్దా? సిగరెట్ అలవాటుంది, రోజుకి నాలుగైదే.

జవాబు: నాలుగైదే అన్న ఆ 'ఏ' దగ్గరే ముందు ఆగుతా. అమెరికాలో కాలు ఉంటుందో పోతుందో అన్నంత పెద్ద దెబ్బలు తగిలినవాళ్ల మీద లీప్ అనే స్టడీ చేశారు, అందులో ఇదే ఎముక చర్మం చీల్చుకుని విరిగినవాళ్లని చూస్తే, సిగరెట్ తాగేవాళ్లకి ఎముక అతికే అవకాశం తాగనివాళ్ల కంటే 37 శాతం తక్కువ. ఆ ఎముక ముందుభాగం చేత్తో తడిమి చూసుకోండి, చర్మం కిందే తగులుతుంది, కండ లేదు, కండ లేదంటే రక్తం వచ్చే దారులు తక్కువ, ఉన్న ఆ కాస్త దారుల్నీ నికోటిన్ బిగించేస్తుంటే ఎముక ఎక్కడి నుంచి తెచ్చి అతుక్కోవాలి చెప్పండి. మిషన్ గురించి అడిగేముందు మానెయ్యాల్సింది అదే.

మిషన్ సంగతి తేలిపోయింది. ట్రస్ట్ అనే ట్రయల్‌లో ఈ ఎముకే విరిగి ఆపరేషన్ అయిన 501 మందిలో సగం మందికి నిజం మిషన్, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండి లోపల ఏమీ పనిచెయ్యని మిషన్ ఇచ్చారు, ఎవరిది ఏదో వాళ్లకీ తెలీదు. 2016లో రిజల్ట్ వచ్చింది: ఎముక అతకడంలో తేడా లేదు, మామూలు జీవితంలోకి రావడంలోనూ తేడా లేదు. అప్పటికే అది ఎంతమంది వాడుతున్నారో తల్చుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, నాలుగు నెలలకే అతకలేదు అనెయ్యడం తొందరపాటు. స్ప్రింట్ అని ఇంకో పెద్ద ట్రయల్ జరిగింది, 2008లో వచ్చింది, రాడ్డు వేసే ముందు ఎముక లోపలి గొట్టాన్ని తొలిచి వెడల్పు చెయ్యాలా వద్దా అని తేల్చడానికి పెట్టారు, 1226 మందిని ఏడాది పాటు చూశారు. చర్మం చీలకుండా విరిగినవాళ్లకి తొలవడం కొంచెం మేలు అని తేలింది, సరే అది మా గొడవ, మీకు పనికొచ్చేది ఏంటంటే ఆ ట్రయల్‌లో డాక్టర్లకి ఒక షరతు పెట్టారు, అతకలేదని చెప్పి ఆరు నెలల లోపు మళ్లీ ఆపరేషన్ చెయ్యకూడదు అని. మనం చేతులు కట్టుకుని కూర్చుంటే చాలా ఎముకలు వాటంతట అవే అతుక్కుంటున్నాయి, రెండో ఆపరేషన్లు అనుకున్నదానికంటే బాగా తగ్గాయి. అందుకే ఇప్పుడు ఆరు నెలల దాకా ఓపిక పట్టడం మంచిదని చెప్తాం. ఈలోపు డాక్టర్ ఒప్పుకుంటే కాలి మీద బరువు మోపి నడవండి, రాడ్డు ఉన్నది అందుకే, బరువు పడితేనే ఎముకకి పని చెప్పినట్టు. మూడు సందర్భాల్లో మాత్రం ఆగకూడదు, రాడ్డుకి వేసిన స్క్రూ విరిగినా, గాయం నుంచి చీము జ్వరం వచ్చినా, విరిగిన రెండు కొనల మధ్య ఖాళీ కళ్లకి కనిపించేంత ఉన్నా.

రాడ్డు మాటొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఎముక లోపలికి రాడ్డు దింపే పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ అనే ఊళ్లో గెర్హార్డ్ కుంట్షర్ మొదలుపెట్టారు, మరుసటి ఏడాది బెర్లిన్‌లో డాక్టర్ల ముందు చూపిస్తే చాలామంది మొహం చిట్లించారట. యుద్ధంలో జర్మనీకి చిక్కిన సైనికులు విడుదలై సొంత దేశాలకి వెళ్లాక అక్కడి డాక్టర్లు ఎక్స్‌రే తీసి, తొడ ఎముక మధ్యలో ఈ పొడుగాటి ఇనప కడ్డీ ఏంట్రా బాబూ, ఈ మనిషి ఎలా నడుస్తున్నాడు అని నోరెళ్లబెట్టారు. ఆ పద్ధతి ప్రపంచానికి తెలిసింది చాలావరకు అలాగే.

ప్రశ్న: 41 ఏళ్లు. బ్యాడ్మింటన్ ఆడుతుంటే వెనక నుంచి ఎవరో మడమ మీద తన్నినట్టు అనిపించింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. పిక్క నరం పట్టేసింది అని నాలుగు రోజులు నూనె రాసుకున్నా. ఇప్పుడు అకిలిస్ టెండన్, అంటే పిక్కని మడమకి కలిపే తాడు, తెగింది అంటున్నారు. కుట్టించుకోవాలా?

జవాబు: తిరిగి చూస్తే ఎవరూ లేరు అన్నారు చూశారూ, నా దగ్గరికొచ్చే సగం మంది ఇదే మాట చెప్తారు, నేనైతే ఆ మాట వినగానే బోర్లా పడుకోబెట్టి పిక్కని గట్టిగా పిసికి చూస్తా. టెండన్ బాగుంటే పాదం కిందికి కదుల్తుంది, తెగితే కదలదు, అంతే టెస్టు. నడవగలుగుతున్నా కదా తెగి ఉండదు అనుకోవద్దు ఎవరూ, వేరే కండలు కొంత లాక్కొస్తాయి.

కుట్టాలా అన్నదానికి నార్వే వాళ్లు 2022లో మంచి జవాబిచ్చారు. 526 మందిని మూడు గుంపులు చేశారు, కుట్టకుండా పాదం కిందికి వంచి కట్టు, మామూలు కోతతో కుట్టడం, చిన్న రంధ్రాల్లోంచి కుట్టడం. ఏడాదికి మార్కుల్లో మూడు గుంపులూ సమానం. కానీ మళ్లీ తెగడం చూస్తే కుట్టనివాళ్లల్లో 6.2 శాతం, కుట్టినవాళ్లల్లో రెండు రకాల్లోనూ 0.6 శాతం. ఇక్కడితో ఆపేస్తే కుట్టడమే గెలిచినట్టు ఉంటుంది, నరాలు దెబ్బతిన్నవాళ్ల లెక్క కూడా చూడండి, చిన్న రంధ్రాల గుంపులో తొమ్మిది మంది, పెద్ద కోత గుంపులో ఐదుగురు, కుట్టని గుంపులో ఒక్కరు. అంటే వంద మందిలో ఆరుగురికి మళ్లీ తెగే భయం ఒకవైపు, పాదం పక్కన తిమ్మిరో, కోత దగ్గర ఇన్ఫెక్షనో ఇంకోవైపు. షుగర్ ఉండి, సిగరెట్ తాగుతూ ఉండేవాళ్లకి నేను కట్టే చెప్తా, ఆటే ప్రాణం అనేవాళ్లకి కుట్టు వైపు మొగ్గుతా, ఇది నా అభిప్రాయం, ట్రయల్‌లో ఉన్నది కాదు. మీకైతే నాలుగు రోజులే ఆలస్యం కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి, కానీ ఈ వారం దాటనివ్వకండి.

కట్టు అన్నానని ఎనిమిది వారాలు పిండికట్టులో పడి ఉండాలేమో అనుకోకండి. బ్రిటన్‌లో 540 మందిని తీసుకుని సుమారు సగం మందికి పిండికట్టు వేశారు, మిగతా సగం మందికి దానికి బదులు మడమ కింద ఎత్తు పెట్టిన బూట్ లాంటి బ్రేస్ వేసి మొదటి నుంచే అడుగు మోపనిచ్చారు, తేడా ఏమీ రాలేదు, మనిషి మాత్రం నడుస్తూ ఉన్నాడు. ఇంకోటి, ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్ ఏదైనా వాడారా గుర్తు తెచ్చుకోండి, ఆ జాతి మందులకి ఈ టెండన్‌ని బలహీనపరిచే గుణం ఉంది, వాడి ఉంటే మీ డాక్టర్‌కి చెప్పి పెట్టండి.

ప్రశ్న: మా అమ్మకి 78. బాత్రూంలో జారిపడి తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. ఈ వయసులో ఆపరేషనా అని ఐదు రోజులు తర్జనభర్జన పడి చివరికి చేయించాం, తుంటి కీల్లో తొడ ఎముక తల, అదే బంతి, మాత్రం మార్చారు, అది కూర్చునే గిన్నె మార్చలేదు. ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. లేటు చేసి తప్పు చేశామా? పూర్తి కీలు మార్పించాల్సిందా?

జవాబు: అమ్మగారు లేచి నడుస్తున్నారు, సగం గండం గడిచింది, ముందు మీరు తప్పు చేశామన్న ఆలోచన దించుకోండి. మోకాలి ఏసీఎల్ దగ్గర ఆగండి అన్న నేనే ఇక్కడ మాత్రం ఆగొద్దు అంటా, ఎందుకంటే తుంటి విరిగిన పెద్దవాళ్లని పడగొట్టేది ఎముక కాదు, మంచం. ఊపిరితిత్తుల్లో నిమ్ము, వీపు పుళ్లు, కాళ్లల్లో రక్తం గడ్డలు, ఇవన్నీ పడుకోబెట్టినందువల్ల వచ్చేవే.

ఎంత తొందరగా అన్నదాని మీద 17 దేశాల్లో 2970 మందితో చేశారు, 2020లో వచ్చింది. ఒక గుంపుకి సుమారు ఆరు గంటల్లో, ఇంకో గుంపుకి మామూలుగా 24 గంటల దగ్గర్లో ఆపరేషన్. మూడు నెలల్లో చనిపోయినవాళ్లు 9 శాతం, 10 శాతం, అంటే తేడా ఉందని చెప్పలేం. కానీ తొందరగా అయినవాళ్లల్లో మతి తప్పి మాట్లాడటం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గాయి, ముందే లేచి నిలబడ్డారు, ఇంటికి ముందే వెళ్లారు. దీన్నిబట్టి ఆరు గంటలా ఇరవై నాలుగా అని ఆందోళన అక్కర్లేదు, కానీ ఐదు రోజులు మాత్రం పొడుగే, ఇంకెవరికైనా ఇలా జరిగితే మీరే చెప్పండి వాళ్లకి.

గిన్నె సంగతి. 1495 మందిని సగం సగం చేసి ఒకరికి బంతి మాత్రమే, ఒకరికి బంతీ గిన్నే రెండూ మార్చి రెండేళ్లు చూస్తే, మళ్లీ ఆపరేషన్ అవసరం పడినవాళ్లు రెండువైపులా ఎనిమిది శాతం దగ్గరే. పూర్తిగా మార్చినవాళ్లకి నడక కాస్త మెరుగు, కానీ మనిషికి తెలిసేంత కాదు. మీ డాక్టర్ చేసింది సరైనదే.

మీరు అడగనిది, అసలు అడగాల్సింది ఒకటుంది: రెండో తుంటి సంగతేంటి? జారిపడితేనే విరిగిందంటే ఎముక గుల్లబారింది అని అర్థం, ఆపరేషన్ ఆ ఒక్క చోటే బాగుచేసింది. తుంటి ఆపరేషన్ అయిన 2127 మందిలో సగం మందికి మూడు నెలల్లోపు మొదలుపెట్టి ఏడాదికి ఒక్కసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం తగ్గాయి, చావులు కూడా 28 శాతం తగ్గాయి. 2007 నాటి మాట ఇది, అయినా ఆపరేషన్ చేసి కుట్లు తీసి పంపించేవాళ్లే ఎక్కువ, మా వాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. కిడ్నీ టెస్ట్, కాల్షియం, విటమిన్ డి చూపించి ఈ ఇంజెక్షన్ పనికొస్తుందా అని వచ్చే విజిట్‌లోనే అడగండి.

ప్రశ్న: 52 ఏళ్లు, దెబ్బేం తగల్లేదు, మోకాలి లోపలివైపు నొప్పి. ఎమ్మారైలో మెనిస్కస్ చిరిగింది అని వచ్చింది, కీహోల్‌తో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, ఆ ముక్క కత్తిరిస్తాం, చిన్నదే అంటున్నారు.

జవాబు: చిన్నదే కావచ్చు, అవసరమా అన్నది వేరే మాట. ఫిన్లాండ్‌లో మీ లాంటివాళ్లని, అరుగుదల లేకుండా ఊరికే మెనిస్కస్ చిరిగిన 146 మందిని తీసుకుని అందరికీ మోకాల్లో కెమెరా పెట్టారు, సగం మందికి నిజంగా కత్తిరించారు, మిగతావాళ్లకి కత్తిరించినట్టు నటించారు, సౌండ్లతో సహా. మీకు ఏం చేశారో మీకు తెలీదు అన్నమాట. 2013లో వచ్చింది, ఏడాదికి ఇద్దరికీ నొప్పి ఒకేలా తగ్గింది. అంటే తగ్గడం అబద్ధం కాదు, కత్తెర వల్ల తగ్గిందనేదే అబద్ధం. పైగా అమెరికాలో మామూలు జనం 991 మందికి ఊరికే ఎమ్మారై తీసి చూస్తే, మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. యాభై దాటాక అది జుట్టు నెరిసినట్టే.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికి రాకపోతే అది వేరు, అప్పుడు వెళ్లండి. లేకపోతే మూడు నెలలు తొడ కండల ఎక్సర్‌సైజులు చేసి అప్పుడు నాకు రాయండి.

ప్రశ్న: యాక్సిడెంట్‌లో ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే ఆరు గంటల్లోపు ఆపరేషన్ కాకపోతే కాలు తీసెయ్యాలి అంటారు, నిజమేనా?

జవాబు: ఆ ఆరు గంటల రూల్ ఎక్కడిదో తెలుసా, 1898లో ఫ్రెడ్రిక్ అనే జర్మన్ డాక్టర్ గినీ పందుల మీద చేసిన ప్రయోగం, యాంటీబయోటిక్స్ పుట్టకముందు. ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం మొదటి గంటలో యాంటీబయోటిక్ పడటం, మరీ మురికి పట్టిన గాయాలు, రక్తం ఆడని కాళ్లు అయితే వెంటనే, మిగతావి అనుభవం ఉన్న టీమ్ చేతిలో 24 గంటల్లోపు అయితే చాలు. కడగడం గురించి కూడా 2015లో ఒక పెద్ద ట్రయల్ వచ్చింది, సబ్బు నీళ్లతో కడిగిన గాయాలకి మళ్లీ ఆపరేషన్ 14.8 శాతం మందికి, ఉత్త సెలైన్‌తో కడిగితే 11.6 శాతం మందికి. మీరు చెయ్యాల్సింది ఒకటే, శుభ్రమైన గుడ్డ తడిపి కప్పండి, కాలు కదలకుండా ఏదైనా కర్రతో కట్టండి, బయటికొచ్చిన ఎముకని లోపలికి నెట్టొద్దు.

ప్రశ్న: పిండికట్టు వేసి ఒక రోజైంది, నొప్పి రాత్రంతా పెరుగుతూనే ఉంది, మాత్రలకి తగ్గట్లేదు, వేళ్లు కదిపితే ప్రాణం పోతోంది.

జవాబు: మీరు ఇది రాసినప్పుడే ఆస్పత్రిలో ఉండాలి, ఉన్నారనే అనుకుంటున్నా. చదివే మిగతావాళ్లకి చెప్తున్నా, వేరేవాళ్లు మన కాలి వేళ్లు కదిపితే పిక్కలో భరించలేని నొప్పి, మాత్రలకి లొంగకుండా పెరిగే నొప్పి, వేళ్లు తిమ్మిరెక్కడం, వీటికి ఉత్తరాలు, ఫోన్లు ఏమీ వద్దు. లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం ఆగిపోతోందన్నమాట, కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. కట్టు మొత్తం పొడవునా, లోపలి దూది దాకా కోయించాలి, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్‌తో ఒత్తిడి వదిలించాలి.

ప్రశ్న: మా అమ్మాయి డాన్స్ చేస్తూ పాదం బయటి అంచు మీద పడింది. చిటికెన వేలి వెనక ఎముక విరిగింది, జోన్స్ ఫ్రాక్చర్ అట, స్క్రూ అంటున్నారు. ఇంత చిన్న ఎముకకి స్క్రూ ఏంటండీ?

జవాబు: జోన్స్ అంటే రాబర్ట్ జోన్స్, ఆయన కూడా డాన్స్ చేస్తూనే విరగ్గొట్టుకున్నారు! ఆయన పెద్ద ఎముకల డాక్టర్, మరుసటి రోజు సొంత పాదానికి ఎక్స్‌రే తీయించుకుని, ఇలాంటివే ఇంకొన్ని కేసులు కలిపి 1902లో పేపర్ రాసేశారు, కాబట్టి మీ అమ్మాయికి మంచి కంపెనీయే ఉంది.

ఇక్కడ రెండు రకాలున్నాయి, పేరు మాత్రం రెండిటికీ ఒకటే తగిలించేస్తుంటారు. ఎముక వెనక కొస చిన్న ముక్క ఊడితే అది గట్టి చెప్పో బూటో వేసుకుని నడుస్తుంటేనే మానిపోతుంది, స్క్రూ అనవసరం. దానికి సెంటీమీటరున్నర ముందుకి, పక్క ఎముకతో కలిసే చోట విరిగితే అదే అసలు జోన్స్, అక్కడ రక్తం వచ్చే దారులు రెండువైపుల నుంచి వచ్చి సరిగ్గా ఆ చోటే సన్నబడతాయి, అందుకే అతకడం లేటు, ఆరేడు వారాలు బరువు మోపకుండా కట్టులో ఉన్నా ఒక్కోసారి అతకదు, ఆటలు డాన్సులు చేసేవాళ్లకి స్క్రూ చెప్పేది అందుకే. ఎక్స్‌రే చేతిలో పట్టుకుని, విరిగింది కొసలోనా ముందుకా అని ఆ ఒక్క మాట అడగండి, స్క్రూ కావాలా వద్దా అన్నదానికి సగం జవాబు అక్కడే దొరుకుద్ది.